అక్షరశిల్పి జాంబత్తీస్తా బొదోని (1740–1813)

పెండ్లి శుభలేఖ మీద పేర్లు ఇంగ్లీషులో వేయించునప్పుడు, దేవాలయ శంకుస్థాపన ఫలకము చెక్కించునప్పుడు, శతవార్షికోత్సవ సంచిక అట్ట మీద పెద్ద అక్షరములు ఎన్నుకొనునప్పుడు మన కన్ను తరచుగా ఒక తరహా అక్షరము మీద నిలుస్తుంది. దాని నిలువు గీత బాగా లావుగా ఉంటుంది. అడ్డగీత వెంట్రుకంత సన్నము. ప్రతి కొసన కత్తితో కోసినట్లు ఒక చిన్న గీత ఉంటుంది. ఈ కొసగీతను అచ్చుపనివారు సెరిఫ్ అంటారు. ఆ అక్షరమునకు పాతకాలపు ఠీవి, పండుగనాటి కళ ఉన్నవి. దానిని ఆ రూపమునకు తెచ్చినవారిలో అగ్రగణ్యుడు ఇటలీ దేశస్థుడైన జాంబత్తీస్తా బొదోని.

బొదోని గారు మన సంఘస్థుడు కారు. మన దేశము ఎన్నడూ చూడలేదు. ఆయన పాదిరి కారు, మిషనెరీ కారు. రాజాస్థానములో జీతము తీసుకొని అచ్చుపని చేసిన గృహస్థుడు. అయినను ప్రభువు నేర్పిన ప్రార్థనను 155 భాషలలో ఒకే గ్రంథముగా అచ్చువేసిన ఘనత ఆయనది. నూరేండ్ల పండుగ జరుపుకొనుచు సంచికలు, ఫలకములు, బ్యానర్లు సిద్ధము చేసుకొను మనకు ఆయన జీవితములో మెచ్చుకొనవలసినది ఎంత ఉన్నదో, జాగ్రత్తపడవలసినది కూడ అంత ఉన్నది.

బాల్యము

బొదోని 1740 ఫిబ్రవరిలో ఇటలీకి వాయవ్యమున ఉన్న పియెడ్మాంట్ ప్రాంతములో సలూత్సో అను చిన్న పట్టణమున జన్మించారు. తాతగారు, తండ్రిగారు ఇద్దరును అచ్చుపనివారే. సిరా వాసన, అచ్చుయంత్రము చప్పుడు ఆయనకు ఉగ్గుపాలతోనే అలవాటు. బాల్యములోనే కొయ్యదిమ్మల మీద బొమ్మలు, పూలతీగెలు చెక్కుట నేర్చుకొన్నారు. పదునెనిమిది ఏండ్ల వయస్సున, 1758లో, ఒక స్నేహితునితో కలిసి రోమా నగరమునకు బయలుదేరారు. చేతిలో పెద్దగా సొమ్ము లేదు. తాను చెక్కిన కొయ్యదిమ్మలను దారిలోని అచ్చుకూటములకు అమ్ముకొంటూ ప్రయాణము సాగించారు.

రోమా నగరములో

రోమ్‌లో విశ్వాసవ్యాప్తి కొరకు 1622లో స్థాపించబడిన ప్రొపగాండా ఫీదే అను సంస్థ ఉండెను. దూరదేశములలో పనిచేయు మిషనెరీల కొరకు ఆ సంస్థ 1626లో సొంత ముద్రణాలయము పెట్టినది. హీబ్రూ, అరబీ, సిరియా, కోప్తు మొదలగు అనేక లిపులలో టైపు అక్కడ ఉండేది. బొదోని ఆ ముద్రణాలయములో కంపోజిటరుగా చేరారు. దాని అధికారి రుగ్గియేరి ఈ యువకుని చేతివాటమును గమనించి, పూర్వకాలమున చెక్కించి మూలబడిన తూర్పుదేశ లిపుల ఉక్కు పంచ్‌లను శుభ్రపరచి వరుసపెట్టు పని అప్పగించారు.

తుప్పు తుడుచు పని చిన్నదే. కాని ఆ పనిలోనే బొదోనికి గురువులు దొరికినారు. రెండు వందల ఏండ్ల నాటి గొప్ప పనివారు ఉక్కు మీద ఏ గీత ఎంత లోతున కోసినారో వేలితో తడిమి నేర్చుకొన్నారు. తాను చదవలేని లిపిని కూడ గౌరవముతో పట్టుకొనుట అక్కడనే అలవడినది. ఈ సంగతి తరువాత మరల జ్ఞాపకము చేసుకొందము.

తనను ఆదరించిన రుగ్గియేరి విషాదకరముగా మరణించుటతో బొదోని మనస్సు విరిగినది. 1766లో రోమ్ విడిచిపెట్టారు. ఆ రోజులలో ఇంగ్లాండులోని బర్మింగ్‌హామ్ నగరమున జాన్ బాస్కర్‌విల్ అను ముద్రాపకుని పేరు ఐరోపా అంతటా మారుమ్రోగుచుండెను. ఆయన వద్దకు పోవలెనని బొదోని ఆశ. దారిలో సొంత ఊరికి రాగా తీవ్రమైన జ్వరము పట్టుకొన్నది. ఇంగ్లాండు ప్రయాణము ఆగిపోయినది. తిరిగి ఆ ప్రయాణము జరుగనే లేదు.

పార్మా పిలుపు

ఇటలీ ఉత్తర భాగమున పార్మా అను చిన్న రాజ్యము ఉండెను. దాని ప్రభువు డ్యూక్ ఫెర్డినాండు అప్పటికి ఇంకను యువకుడు. మంత్రి ద్యు తియో రాజధానికి విద్యా, కళలు తీసుకొనిరావలెనని పట్టుదల గలవాడు. గ్రంథాలయము పెట్టించారు, రాజముద్రణాలయము కూడ పెట్టించదలచారు. ఆ గ్రంథాలయాధికారి పాచియౌది అను మతగురువు రోమ్‌లో బొదోని పని ఎరిగినవారు. ఆయన సిఫారసు మీద 1768లో బొదోనికి పిలుపు వచ్చినది. అప్పటికి ఆయన వయస్సు ఇరువది ఎనిమిది. ఆ ఊరిలోనే, ఆ పనిలోనే, తక్కిన నలుబది అయిదు ఏండ్లు గడిపారు.

మొదట సొంత అక్షరము లేదు. ప్యారిస్‌లోని ఫూర్నియె అను ప్రసిద్ధుని వద్ద నుండి టైపు తెప్పించారు. దానితో పని నడుపుచు, రాత్రింబవళ్లు తానే అక్షరములు చెక్కుట సాగించారు. 1771లో తన అలంకారములు, పెద్ద అక్షరముల నమూనా పుస్తకము వెలువరించారు. అందులో పూలు, తీగెలు, ఆకులు, చట్రములు కోకొల్లలు. ఫూర్నియె ప్రభావము స్పష్టముగా కనిపిస్తుంది. 1775లో పియెడ్మాంట్ యువరాజు వివాహ సందర్భమున 25 భాషలలో శుభాకాంక్షల గ్రంథము అచ్చువేశారు. రోమ్‌లో నేర్చిన లిపులు అప్పుడే అక్కరకు వచ్చినవి.

అక్షరము పుట్టు విధము

కంప్యూటరు మీద అక్షరము పెద్దది చేయుటకు నేడు ఒక మీట నొక్కిన చాలును. ఆ కాలమున ఒక్క అక్షరము పుట్టుటకు ఎంత శ్రమయో తెలియనిదే బొదోని గొప్పతనము తెలియదు.

ముందు ఒక చిన్న ఉక్కు కడ్డీ కొసన అక్షరమును తిరగవేసి, అద్దములో కనిపించునట్లు, ఆకురాయితోను ఉలితోను చెక్కవలెను. తరువాత ఆ ఉక్కును కాల్చి, నీటిలో ముంచి గట్టిపరచవలెను. దీనినే పంచ్ అంటారు. ఆ పంచ్‌ను రాగిముక్క మీద ఉంచి సుత్తితో కొట్టగా గుంట పడుతుంది. అది మాతృక. మాతృకను చేతి అచ్చులో బిగించి సీసము, తగరము, ఆంటిమొని కలిపి కరిగించి పోస్తే ఒక టైపు అక్షరము తయారగును. ఒక పుటకు వందలాది, పుస్తకమునకు వేలాది అక్షరములు ఇట్లే పోతపోయవలెను. ఒక సైజు చాలదు. పుస్తకపు లోపలి పాఠమునకు చిన్నది, శీర్షికకు పెద్దది, ముఖపత్రమునకు ఇంకను పెద్దది. ప్రతి సైజుకు మరల మొదటి నుండి వేరుగా చెక్కవలసినదే. బొదోని సైజుల మధ్య తేడా ఎంత తక్కువగా పెట్టుకొన్నారనగా, ఏ పుటకు ఏ వెడల్పు కావలెనో దానికి సరిపోవు అక్షరము ఆయన అరలో దొరికెడిది. వాటిలో అతి చిన్నదాని పేరు పార్మిజనీనా, అతి పెద్దదాని పేరు పాపాలె.

అచ్చుకూటమునకు టైపు అరిగిపోయినను నష్టము లేదు, పంచ్‌లు ఉంటే చాలును. మన దేశములో దీనికి ఒక దృష్టాంతము కలదు. 1812 మార్చి 11న సిరాంపూరులో కేరీ గారి మిషను ముద్రణాలయము తగులబడినప్పుడు భారతీయ భాషల టైపు కరిగి ముద్దయైపోయినది. కాని పంచ్‌లు, మాతృకలు బూడిదలో చెడిపోక దొరికినవి. అందువలననే పని త్వరలో మరల సాగినది.

పూవులు తగ్గి అక్షరము మిగిలినది

బొదోని జీవితములో మనము ముఖ్యముగా చూడదగిన మార్పు ఒకటున్నది. యౌవనమున ఆయన పుటలు అలంకారములతో నిండియుండెను. వయస్సు పెరిగిన కొలది పూలతీగెలు ఒక్కొక్కటిగా తొలగిపోయినవి. చుట్టును విశాలమైన తెల్లని ఖాళీ, మధ్యన కొద్ది పంక్తులు, ఆ పంక్తులలో లావు సన్నముల తేడా కొట్టవచ్చినట్లు కనిపించు అక్షరములు. అంతకు పూర్వపు అక్షరములలో కలము వంపు కనబడెడిది. కొసగీత కాండము నుండి కొమ్మ వచ్చినట్లు మెల్లగా వంగెడిది. బొదోని ఆ వంపును తీసివేసి, కొసగీతను తిన్నని వెంట్రుక గీతగా చేశారు. ప్యారిస్‌లో దిదో కుటుంబము వారు కూడ ఆ దారినే నడిచారు. బాస్కర్‌విల్ నుండి నున్నని కాగితము, నల్లని సిరా, వెడల్పైన అంచులు అను పాఠము ఇరువురును నేర్చుకొన్నారు.

అక్షరమునకు అందము నాలుగింటి వలన వచ్చునని బొదోని భావించెడివారు. మొదటిది క్రమము, అనగా ఒకే కొలత భాగములు అన్ని అక్షరములలోను ఒకే తీరున ఉండుట. రెండవది శుభ్రత, అనగా పోతలోను కోతలోను మెరుగు. మూడవది మంచి అభిరుచి. నాలుగవది సొంపు, అనగా తొందరపాటు గాని ప్రయాస గాని కనబడకుండుట.

1782లో స్పెయిన్ రాజు ఆయనకు తన ముద్రాపకుడను బిరుదు ఇచ్చారు. అమెరికా రాజనీతిజ్ఞుడు, స్వయముగా అచ్చుపనివాడు అయిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1787లో మెచ్చుకొనుచు ఉత్తరము వ్రాశారు. 1788లో వెలువడిన నమూనా గ్రంథములో 100 రోమను, 50 ఇటాలిక్, 28 గ్రీకు అక్షరమాలలు ఉన్నవి. రోమ్‌కు వచ్చి ముద్రణాలయము పెట్టుమని స్పెయిన్ రాయబారి అజారా ఆహ్వానించగా, ఈ మనిషిని వదులుకొనలేని డ్యూక్ ఫెర్డినాండు పార్మాలోనే సొంత ముద్రణాలయము నడుపుకొనుటకు అనుమతించారు. 1791లో అది మొదలైనది. అదే సంవత్సరమున మార్గరీట దల్లాల్యోతో ఆయన వివాహము జరిగినది. అప్పటికి ఆయనకు ఏబది ఒకటవ ఏడు.

ఒక లోపము

మహనీయుల జీవితము వ్రాయునప్పుడు మంచి మాత్రమే చెప్పుట మనకు అలవాటు. కాని బొదోని విషయములో ఒక లోపము చెప్పక తప్పదు. ఆయన 1793లో లాటిను మహాకవి వర్జిల్ కావ్యములను మహావైభవముగా అచ్చువేశారు. చూచినవారు ముగ్ధులైనారు. చదివిన దిదో కుటుంబమువారు మాత్రము అందులో అచ్చుతప్పులు వరుసగా ఎత్తిచూపారు. ఆ నింద తరువాత ఆయన పేరును వదలలేదు. అక్షరము మీద ఉన్న శ్రద్ధ మాట మీద లేదని పండితులు అన్నారు.

రెండవది, ఆయన గ్రంథములు ఎవరి కొరకు? వెల ఎక్కువ, ప్రతులు తక్కువ. అవి రాజులకు, ప్రభువులకు, ధనవంతులైన సేకరణకర్తలకు చేరినవి. చదువుటకు కంటె చూచుటకు, చూచుటకు కంటె ఉంచుకొనుటకు అవి ఎక్కువ పనికి వచ్చినవి. పార్మా సంతలో కూరలు అమ్ముకొను స్త్రీ చేతికి బొదోని గ్రంథము వచ్చు మార్గము లేదు. ఫ్రెంచి విప్లవము, నెపోలియన్ దండయాత్రలు జరిగి రాజ్యములు మారినను ఆయన పని ఆగలేదు. ప్రభువులు మారినారు, అంకితపు పుట మీది పేరు మారినది.

155 భాషల ప్రార్థన

1804 చివర నెపోలియన్ పట్టాభిషేకమునకు పోపు ఏడవ పయస్ ప్యారిస్ వెళ్లారు. 1805లో అక్కడి ప్రభుత్వ ముద్రణాలయమును దర్శించినప్పుడు, ప్రభువు ప్రార్థనను 150 భాషలలో అచ్చువేసి ఆయనకు సమర్పించారు. అందులో ఒక బాధాకరమైన సంగతి ఇమిడి ఉన్నది. రోమ్‌లోని ప్రొపగాండా ముద్రణాలయము నుండి ఫ్రెంచి సైన్యము తరలించుకొనిపోయిన లిపులను కూడ ఆ పనికి వాడారు. తన ఇంటి సొత్తుతోనే తనకు మర్యాద జరిగినట్లయినది. యువకుడైన బొదోని ఒకప్పుడు తుప్పు తుడిచి వరుసపెట్టిన భాండాగారము అదే.

పోపు తిరుగు ప్రయాణమున పార్మా మీదుగా వచ్చారు. ప్యారిస్ వారి గ్రంథమును గూర్చి చెప్పి, ఇటలీ అంతకంటె మేలైనది చేయవలెనని బొదోనిని ప్రోత్సహించారు. అప్పుడు ఆయనకు అరువది అయిదు ఏండ్లు. కాళ్ల నొప్పుల జబ్బు బాధించుచుండెను. అయినను పూనుకొని 1806లో ప్రభువు ప్రార్థనను 155 భాషలలో పూర్తి చేశారు. ఆసియా, ఐరోపా, ఆఫ్రికా, అమెరికా అను నాలుగు భాగములు, ఒక్కో భాషకు తగిన లిపి లేదా తగిన రోమను అక్షరము, చుట్టును సన్నని గీతల చట్రము. ఆ సంవత్సరమే ప్యారిస్ ప్రదర్శనలో ఆయన పనికి బంగారు పతకము లభించినది.

ఆ గ్రంథమును ఇటలీ ప్రతినిధి పాలకుడైన యూజీన్ ద బోఆర్నేకు అంకితము చేశారు. ఏ పూటకు ఆ పూట ఆహారము అడుగువారి ప్రార్థన అది. జాలరులకు, పొలము పనివారికి నేర్పిన ప్రార్థన. అది పాలకుని మేజా మీదికి చేరినది. ఇందులో వ్యంగ్యము లేకపోలేదు. కాని మరియొక విధముగా చూడవచ్చును. ఐరోపాలోని పెద్ద భాషకును, ఎవరూ ఎరుగని చిన్న జాతి భాషకును బొదోని ఒకే కొలత కాగితము, ఒకే శ్రద్ధ ఇచ్చారు. రోమ్‌లో నేర్చుకొన్న ఆ మర్యాదను వృద్ధాప్యములో కూడ విడువలేదు.

ఈ సందర్భమున తెలుగువారము జ్ఞాపకముంచుకొనదగిన మాట ఒకటి. బొదోని ఇంకను ఆరేడేండ్ల పిల్లవాడై ఉన్నప్పుడే, 1746–47లలో, మద్రాసులో పనిచేసి తిరిగిపోయిన మిషనెరీ బెంజమిన్ షుల్జ్ గారు జర్మనీలోని హాలె నగరమున తెలుగు లిపిలో క్రైస్తవ పుస్తకములు అచ్చువేయించారు. 1748లో లైప్‌జిగ్‌లో ఆయన పీఠికతో వెలువడిన భాషల గ్రంథములో 200 భాషల, మాండలికముల ప్రభువు ప్రార్థన ఉన్నది. అందులో తెలుగు కూడ ఉన్నది. ఆ తెలుగు అచ్చు బొదోని పుటవలె సొగసైనది కాదు. కాని అది మన ఊళ్లలోని మనుష్యుల కొరకు తలపెట్టిన పని.

మార్గరీట

నెపోలియన్ ఆయనకు భరణము ఏర్పాటు చేశారు. 1808లో హోమరు ఇలియడు కావ్యమును గ్రీకులో మూడు సంపుటములుగా ముద్రించారు. చివరి వరకు పంచ్‌లు చెక్కుచునే, సరిదిద్దుచునే ఉన్నారు. తన జీవితకాలపు అక్షరములన్నిటిని ఒకే గ్రంథములో చూపవలెనని ఆయన కోరిక. అది తీరకమునుపే 1813 నవంబరు 30న పార్మాలో కన్నుమూశారు.

ఆ కోరికను తీర్చినవారు భార్య మార్గరీట. ఆమె ముద్రణాలయమును మూయలేదు. పనిలో పెద్దయైన లూయిజీ ఓర్సీ సహాయముతో అయిదేండ్లు శ్రమించి, 1818లో ముద్రణా దర్శిని అను అర్థమిచ్చు పేరుతో రెండు సంపుటములు వెలువరించారు. ముద్రించినవి 250 ప్రతులు మాత్రమే. రోమను, ఇటాలిక్, గ్రీకు, రష్యను, తూర్పుదేశ లిపులు, చట్రములు, పూవులు, అంకెలు, సంగీత చిహ్నములు అన్నియు అందులో ఉన్నవి. ఆమె పూనుకొనకపోయిన యెడల భర్త జీవితకాలపు కృషి ఒక్కచోట కనిపించెడిది కాదు. మన సంఘములలోను మగవారి పేర్లు ఫలకముల మీదికి ఎక్కుటకు వెనుక పనిచేసిన స్త్రీలు ఎందరో ఉన్నారు. వారిని తలచుకొనుటకు మార్గరీట ఒక నిమిత్తము.

ఆ 1818లోనే సిరాంపూరు నుండి తెలుగు కొత్త నిబంధన వెలువడినది. రెండు పుస్తకములకు సంబంధము లేదు. కాని ఒకే సంవత్సరమున ఒకచోట అక్షరము తన అందమును చూపుకొన్నది, మరియొకచోట అక్షరము వార్తను మోసుకొనిపోయినది.

తరువాతి చరిత్ర

బొదోని పోయిన తరువాత ఆయన అక్షరము రాజభవనము దిగి వీధిలోనికి వచ్చినది. లండనులోని టైపు పనివారు ఆ లావు సన్నముల పోకడనే పెద్దది చేసి, నిలువు గీతలను మరింత లావుచేసి, లాటరీ ప్రకటనలకు, గోడపత్రములకు వాడారు. పందొమ్మిదవ శతాబ్దపు చివర విలియం మోరిస్ వంటి కళాభిమానులు ఈ తరహా అక్షరమును తీవ్రముగా నిరసించి, చేతివ్రాతకు దగ్గరగా ఉన్న పాత అక్షరములను మరల తెచ్చారు. అంతటితో బొదోని పని ముగిసిపోలేదు. 1910 ప్రాంతమున అమెరికాలో మోరిస్ ఫుల్లర్ బెంటన్ ఆ అక్షరమును పునరుద్ధరించారు. 1929లో ప్రకటనల కొరకు పోస్టర్ బొదోని వచ్చినది. పార్మాలో 1963లో ఆయన పేర ప్రదర్శనశాల తెరచి, ఆయన పంచ్‌లు, మాతృకలు వేలాదిగా భద్రపరచారు. నేటి కంప్యూటర్లలోను ఆయన పేరుగల అక్షరము ఉన్నది.

అందుకే అది పెద్ద సైజులో రాణిస్తుంది, చిన్న సైజులో కన్నుకు శ్రమ ఇస్తుంది. సన్నగీతలు నాసి కాగితము మీద విరిగిపోవును. అది శీర్షికకు తగినది, పెద్దల కంటికి పాటల పుస్తకములో తగినది కాదు. ఏ అక్షరమునకు ఏ చోటు అను వివేకము ఆ అక్షరముతో పాటు నేర్చుకొనవలసినది.

మనకు పాఠము

బొదోని జీవితము మన ముందు రెండు పుటలు తెరచి ఉంచినది. ఒక పుటలో, తుప్పు తుడుచు పని నుండి 155 భాషల వరకు అలసత్వమెరుగని చేయి ఉన్నది. తాను చదువలేని భాషకు కూడ గౌరవమిచ్చిన హృదయము ఉన్నది. రెండవ పుటలో, అందము చూచుకొనుచు అచ్చుతప్పు చూడని కన్ను ఉన్నది, చదువవలసిన వారికి అందని గ్రంథము ఉన్నది.

శతవార్షికోత్సవములలో అట్ట కొరకు, బంగారు అక్షరముల కొరకు సంఘములు ఖర్చు పెట్టుట తప్పు కాదు. దేవుని ఇంటికి సంబంధించినది అందముగా ఉండవలెను. కాని అట్ట వెనుక వంద ఏండ్ల క్రిందటి ఉపదేశి పేరు తప్పుగా పడితే, బైబిలు స్త్రీగా ఊరూరా నడిచిన అవ్వ పేరు అసలే లేకపోతే, ఆ బంగారము వారి మనుమలకు ఓదార్పు కాజాలదు. ప్రూఫు మరొకసారి చదువుట కూడ ఒక సేవ. పల్లెలోని సంఘస్థునికి అందు వెల పెట్టుట కూడ ఒక సేవ. అక్షరమును బొదోని వలె చెక్కుదము. దానిని చదువుకొను చేతికి చేర్చుట మాత్రము ఆయన కంటె మేలుగా చేయుదము.